పక్క బేలో పేలిన తూటా, నేను కొట్టిన టైమ్

ఈ మధ్య మా ఊరి తెలుగు కుర్రాళ్ళు కొందరు పిస్టల్ పోటీల్లో స్కోరు రాయడానికి వెళ్తున్నారని తెలిసింది. వాళ్ళలో ఒకతను నాకు ఫోన్ చేసి, "ఆంటీ, స్కోరింగ్‌కి ఏ ట్యాబ్లెట్ బెస్ట్ అంటారు?" అని అడిగాడు. పద్నాలుగేళ్ళు ఆ పని చేసినదాన్ని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే అనుకున్నాడంటే, ఈ నాలుగు ముక్కలూ రాయక తప్పదనిపించింది.

నేను రెండు ఉద్యోగాల నుంచి రిటైరయ్యాను. మొదటిదానికి జీతం ఇచ్చారు. అమెరికాలో ఒకే ఒక్క దుకాణాల కంపెనీ మీద బతికే ఊరు బెంటన్‌విల్‌లో ఉద్యోగం అన్నాక ఏ కంపెనీ అని అడిగేవాళ్ళు తిరుపతి వెళ్ళి గుడి ఎక్కడ అని అడిగే రకం. అక్కడ ఏళ్ళ తరబడి డేటాబేసులకు కాపలా కాశాను. నేను వచ్చేశాక కూడా అవి సుఖంగానే ఉన్నాయట. కాబట్టి దాని గురించి రాయడానికేమీ లేదు. రెండోదానికి జీతం లేదు. మధ్యాహ్నం ఒక హాట్‌డాగ్ ఇచ్చేవారు, అది నేను తినను. నిజంగా ఏదైనా నేర్చుకున్నది మాత్రం అక్కడే.

అసలు పని ఏమిటంటే

ఊరికి ఇరవై మైళ్ళ అవతల కొండ వాలులో ఒక షూటింగ్ రేంజ్. మట్టి గట్లు పోసి స్థలాన్ని గదుల్లాగా విడదీస్తారు, ఒక్కోదాన్ని బే అంటారు. ఒక్కో బేలో అట్ట టార్గెట్లు, చెక్క గోడలు, ఖాళీ పీపాలు పెట్టి ఒక స్టేజి తయారుచేస్తారు. బీప్ అనగానే షూటర్ పరుగెత్తుతూ ఆ టార్గెట్లన్నిటినీ కాల్చాలి. టార్గెట్ నడిమధ్య ఏ, దాని చుట్టూ సి, అంచున డి. ఏ తగిలితే అయిదు పాయింట్లు, సి అయితే మూడు, డి అయితే ఒకటి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే స్కోరు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు చెప్పారు కదా. ఇక్కడ పరుగెత్తాలి, పాలే తాగాలి, ఒక్క చుక్క ఒలకకూడదు.

సెకన్లు లెక్కపెట్టేది రేంజ్ ఆఫీసర్ చేతిలో ఉండే టైమర్. దానికో మైకు ఉంటుంది. పేలిన ప్రతి చప్పుడునీ వింటుంది, ఆఖరుగా విన్న చప్పుడు ఎప్పటిదో అదే టైమ్ అని చూపిస్తుంది. ఎన్ని చప్పుళ్ళు విన్నదీ కూడా చూపిస్తుంది, కాకపోతే అది ఎవరూ చూడరు. దానికి చెవులున్నాయి, బుద్ధి లేదు. బుద్ధి కోసం పక్కన ఒక మనిషిని పెడతారు. ఆ మనిషిని నేను.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, మా ఆయన వల్ల. రెండు వేల ఒకటిలో ఆయన ఆఫీసు స్నేహితుడెవరో రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అప్పటికి మేం హెచ్-వన్‌బీ మీద ఉన్నాం. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవాలంటే వేట లైసెన్స్ లాంటిది ఉండాలని ఎవరో చెప్పారు. మర్నాడే వెళ్ళి తెచ్చుకున్నారు. మా వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాని రోజుల్లో మా ఆయన జేబులో జింకల్ని వేటాడే లైసెన్స్ ఉండేది. ఆయనకు పెరుగన్నం డబ్బా అందించడానికి వెళ్ళిన నన్ను చూసి, మ్యాచ్ డైరెక్టర్ గ్లెన్ "నీకు కూడికలు వచ్చా?" అని అడిగాడు. వచ్చన్నాను. జీవితంలో కొన్ని ప్రశ్నలకు రావని చెప్పడం నేర్చుకోవాలి.

గ్లెన్

గ్లెన్ ప్లంబింగ్ పని చేసేవాడు. ఆ రేంజ్‌లో మాత్రం అతని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. మాట్లాడితే రూల్ నంబరు చెప్పేవాడు. నవ్వడానికి రూల్ ఉన్నట్టు లేదు, నేనైతే ఎప్పుడూ చూడలేదు.

అప్పట్లో అంతా కాగితమే. ప్రతి స్టేజిలో ప్రతి షూటర్‌కీ ఒక స్కోరు కాగితం, కింద నకలు. రేంజ్ ఆఫీసర్ రాస్తాడు, షూటర్ చూసుకుంటాడు, ఇద్దరూ సంతకాలు పెడతారు. అవన్నీ నా టేబుల్ మీదికి వస్తే నేను లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. వాన పడ్డ రోజున వాటిని హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టేదాన్ని. అమెరికన్లు ఒకటి వేస్తే ఏడులా ఉంటుంది, ఏడు వేస్తే వాళ్ళ నాన్నలా ఉంటుంది.

చేరిన ఏడాదే ఒక ఘనకార్యం చేశాను. ఎవరో మంచి షూటర్ కాగితంలో ఒక టార్గెట్ దగ్గర ఒక దెబ్బ తప్పినట్టు రాసి ఉంది. అతను తప్పే మనిషి కాదు, రాసినవాడే పొరబడి ఉంటాడని తీర్మానించి, నేను దయగల తల్లిని కదా, దిద్దేశాను. గ్లెన్ కనిపెట్టాడు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ టార్గెట్ నువ్వు చూశావా?"

"లేదు. కానీ..."

"ఈ కాగితం మీద రెండు సంతకాలున్నాయి. ఆ ఇద్దరూ చూశారు. మార్చాలంటే ఆ ఇద్దరూ ఒప్పుకోవాలి. నువ్వు మూడోదానివి. నిన్నెవరు పిలిచారు?"

ఆ సాయంత్రం కారులో ఏడ్చాను. నా ఆఫీసు జీవితం మొత్తంలో నన్ను అంత సూటిగా తిట్టినవాడు లేడు. ఆఫీసులో తప్పు చేస్తే మీటింగ్ పెడతారు, స్లైడ్లు వేస్తారు, చివరికి ఎవరికీ ఏమీ తగలదు. గ్లెన్ మాట తగిలింది. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను: మీకు ఒక గ్లెన్ దొరికితే వదులుకోకండి, అతనితో భోజనం మాత్రం చేయకండి.

ఆడలేక మద్దెల ఓడు

ఇక పరికరాల సంగతి. ఈ ఆటలోకి వచ్చిన ప్రతివాడూ మొదటి నెలలో ఒక తుపాకీ కొంటాడు. రెండో నెలలో గురి తప్పుతోందని గ్రహిస్తాడు. మూడో నెలలో, తప్పు తుపాకీదని నిర్ధారణ చేసుకుంటాడు. అక్కడి నుంచి తేలికైన ట్రిగ్గర్, బరువైన పిడి, చేతికి చెమట పట్టనివ్వని పౌడరు, జారని బూట్లు, గురి చూడ్డానికి ఎర్ర చుక్క కనిపించే అద్దం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక్కడ ఓడు మద్దెలలు అమ్మే దుకాణాలు రాష్ట్రానికి పది ఉంటాయి.

మా ఆయన ఆ దుకాణాలన్నిటికీ ఇష్టుడైన అల్లుడు. పదేళ్ళలో ఏడు తుపాకీలు మార్చారు. ఆయన స్థానం మాత్రం మారలేదు, జాబితాలో చివరి పావు వంతులో పదిలంగా ఉండేది.

అదే రేంజ్‌లో వేన్ ఉండేవాడు. స్కూలు బస్సు నడిపేవాడు, అరవై దాటాయి. అతని పిస్టల్ నేను చూసినప్పటికే నలుపు వదిలి తెల్లబడి ఉంది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే వాడేవాడు. మామూలు పిస్టళ్ళ విభాగంలో దాంతోనే అందరికంటే ముందుండేవాడు. ఎందుకు మార్చవని అడిగితే, "తుపాకీ మారిస్తే మళ్ళీ ఒకటో తరగతి నుంచి చదవాలి, మిస్ సూ. నాకంత తీరిక లేదు" అన్నాడు. నా పేరు సుభద్ర. ఆ ప్రాంతపు మర్యాద ప్రకారం అది మిస్ సూ అయింది. పరికరాల గురించి నేను చెప్పగలిగే సలహా అంతా వేన్ చెప్పిన ఆ రెండు ముక్కల్లోనే ఉంది. కానీ వినరు. మా ఇంట్లోనే వినలేదు.

తూటాలకు కూడా ఒక పరీక్ష ఉంది. తూటా తేలికగా, నెమ్మదిగా ఉంటే తుపాకీ చేతిలో తన్నదు, గురి సులువు. అందుకని అందరూ ఇంట్లోనే తూటాలు తయారుచేసుకుని, తుపాకీ మందు ఎంత తగ్గిస్తే అంత లాభమని చూస్తారు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద మ్యాచ్‌లలో వేగం కొలిచే యంత్రం పెడతారు. తూటా బరువును వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం నూట పాతిక రావాలి. రాకపోతే ఆ మ్యాచ్ మొత్తానికీ సున్నా.

ఒక నవంబరు పొద్దున ఆ యంత్రం దగ్గర గ్లెన్ నన్ను కూర్చోబెట్టాడు. వరసలో మా ఆయన వచ్చారు. ఆయన తుపాకీ మందు కొలతలు కుదుర్చుకున్నది జులై ఎండలో. కొన్ని రకాల మందు చలికి బద్ధకిస్తుంది, మా ఆయనలాగే. మూడు తూటాలు కాల్పించాం, చాలలేదు. ఇంకో మూడు. లెక్క నూట ఇరవై నాలుగు పాయింట్ రెండు దగ్గర ఆగింది.

ఆయన నా చెవి దగ్గరకు వంగి తెలుగులో అన్నారు: "సుభద్రా, పాయింట్ ఎనిమిదే కదే తక్కువ. రౌండ్ ఆఫ్ చెయ్యి."

"ఏమండీ, పక్కకి జరగండి. నెక్స్ట్ అతను వెయిట్ చేస్తున్నాడు."

సున్నా వేశాను. ఇంటికి వెళ్ళాక నేనే ఒక రూలు పెట్టాను: నేను స్కోరు దగ్గర ఉన్నప్పుడు మీరు నోరెత్తకూడదు, మంచికైనా చెడుకైనా. సరే అన్నారు. పెళ్ళయ్యాక నేను పెట్టిన రూళ్ళలో ఆయన తు.చ. తప్పకుండా పాటించింది అదొక్కటే.

ఈ కథ రేంజ్ అంతా పాకింది. సొంత మొగుడికి సున్నా వేసిన ఆడదని పేరొచ్చింది. ఆ తర్వాత బేలో నిలబడి స్కోరు రాసే పని కూడా నాకే ఇచ్చారు, షూటర్లు నేను చెప్పిన అంకెను తిరిగి చూసుకోవడం మానేశారు. నాకది గౌరవంలా అనిపించింది. అది ఎంత ప్రమాదమో చెప్పడానికి అప్పుడు గ్లెన్‌కి కూడా తోచలేదు.

పలకలు వచ్చాయి

కొన్నేళ్ళకు ట్యాబ్లెట్లు వచ్చాయి. ఒక పలక మీద షూటర్ పేరు తట్టి, ఏ, సి, డి తట్టి, టైమ్ కొడితే స్కోరు దానంతట అదే వస్తుంది. షూటర్ చూసుకుని అప్రూవ్ అనే బటన్ నొక్కాలి. అదే సంతకం. మ్యాచ్ అయిన పావుగంటకు ఫలితాలు.

మా క్లబ్బులో వీటిని పట్టుబట్టి పెట్టించింది నేనే. తడి కాగితాలు ఆరబెట్టి విసిగిపోయాను అన్నది బయటికి చెప్పిన కారణం. అసలు కారణం, డేటాబేసుల మనిషిని నేనే కదా, వీళ్ళకు నాగరికత నేర్పుదామని. వేన్ ఒక్కడే గొణిగాడు. "ఎండలో నాకు ఆ అద్దంలో నా మొహమే కనిపిస్తోంది" అన్నాడు. బ్రైట్‌నెస్ పెంచుకోవచ్చని పాఠం చెప్పాను.

పలకతో వచ్చిన అసలు మార్పు ఏమిటంటే, కాగితం పట్టుకున్నప్పుడు నేను షూటర్‌ని చూసేదాన్ని, ఎందుకంటే అతను పూర్తిచేసేదాకా రాయడానికేమీ ఉండదు. పలక అలా కాదు. బ్యాటరీ ఎంత ఉంది, వైఫై అందుతోందా, తర్వాతి పేరు ఎవరిది అని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. తల ఎత్తనివ్వదు. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి కదా, నేను వివరించక్కర్లేదు.

ఆరో స్టేజి

మా రాష్ట్రంలో ఏటా ఒక పెద్ద మ్యాచ్ జరిగేది. మామూలు పిస్టళ్ళ విభాగంలో మొదట వచ్చినవాళ్ళకు జాతీయ పోటీలో ఒక చోటు ఇచ్చేవారు. వేన్ ఎనిమిదేళ్ళుగా దానికోసం ప్రయత్నిస్తున్నాడు. రెండుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ ఏడాది అతని కుడి కన్ను మసకబారడం మొదలైంది. తుపాకీ కొసన ఉండే చిన్న గురి మొన కనిపించకపోతే ఆ విభాగంలో ఆట అయిపోయినట్టే. ఎర్ర చుక్క అద్దం బిగించుకోవచ్చు, కానీ బిగిస్తే హంగులన్నీ తగిలించిన రేసు తుపాకీలవాళ్ళ విభాగంలోకి మారాలి. "వచ్చే ఏడాదికి మొన కనిపించదన్నాడు డాక్టరు. ఇదే ఆఖరుది" అని మ్యాచ్ పొద్దున నాతో చెప్పాడు.

ఆ రోజు మనుషులు తక్కువయ్యారు. ఆరో స్టేజిలో టైమర్ గ్లెన్ పట్టుకున్నాడు, పలక నేను పట్టుకున్నాను. వేన్ గుంపులోనే మా ఆయన కూడా ఉన్నారు. వేన్ కాల్చాడు. ఎలా కాల్చాడో నాకు తెలియదు, నేను వైఫై చూస్తున్నాను. వేన్ తుపాకీ ఖాళీ చేసి, చూపించి, ఒరలో పెట్టాడు. పెద్దవాడు కదా, అతనికి కాస్త సమయం పడుతుంది. అప్పుడు గ్లెన్ టైమర్ చూసి గట్టిగా చదివాడు.

"ఇరవై మూడు పాయింట్ నాలుగు ఒకటి!"

నేను కొట్టేశాను. దెబ్బలన్నీ ఏ, ఒక్కటే సి. వేన్ నా దగ్గరకు వచ్చాడు.

"ఇరవై మూడా, మిస్ సూ? నాకు అంత అనిపించలేదే."

"టైమర్ అదే చెబుతోంది, వేన్."

"చదివే కళ్ళద్దాలు ట్రక్కులో వదిలేశాను. మీరు చూశారు కదా?"

"చూశాను" అన్నాను.

నేను చూసింది తెరను. అతను అడిగింది అది కాదని అప్పుడే తెలుసు. కానీ వెనక పదిమంది వరసలో ఉన్నారు, ఎండ మాడుస్తోంది, పైగా నా పలక తప్పు చెప్పదు. "మీరు చూస్తే చాలు" అని అతను బటన్ ఎక్కడుందో నన్నే అడిగి వేలితో నొక్కాడు.

సాయంత్రం నాలుగింటికి ఫలితాలు గోడకు అంటించాం. అభ్యంతరాలకు ఒక గంట గడువు. మొదటి స్థానం టైలర్ అనే కుర్రాడిది, పక్క ఊరివాడు. రెండోది వేన్‌ది. తేడా నాలుగు పాయింట్లు. వేన్ ఆ కాగితం దగ్గరగా చూసి, టైలర్‌తో చేయి కలిపి, ట్రక్కు వైపు వెళ్ళిపోయాడు.

మా ఆయన జాబితాలో తన పేరు కింది నుంచి వెతుక్కోవడం పూర్తిచేసుకుని నా పక్కకు వచ్చారు.

"వేన్‌కి సిక్స్త్ స్టేజ్‌లో ట్వంటీ త్రీ ఏంటి? పక్క బేలో పేలింది కదా, అదా?"

"ఎప్పుడు పేలింది?"

"ఆయన అన్‌లోడ్ చేస్తున్నప్పుడు. గ్లెన్ ఇంకా టైమర్ చాచి పట్టుకునే ఉన్నాడు. నేను విన్నానుగా."

"విని ఊరుకున్నారా? అప్పుడే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు స్కోరు దగ్గరుంటే నోరెత్తకూడదని రూల్ పెట్టింది ఎవరు? మంచికైనా చెడుకైనా అన్నావు. ఇన్నేళ్ళ నుంచి ఫాలో అవుతున్నా" అన్నారు ఆయన. వెటకారం కాదు. నిజంగానే అన్నారు.

ఆ స్టేజిలో మిగతావాళ్ళ టైములు చూశాను. వేన్‌తో సమానమైనవాళ్ళంతా పద్నాలుగు, పదిహేను. టైమర్ ఎన్ని చప్పుళ్ళు విన్నదో అప్పుడు చూసి ఉంటే ఒకటి ఎక్కువ కనిపించేది. ఇప్పుడు చూద్దామంటే తర్వాతివాళ్ళ కోసం ఎప్పుడో చెరిపేశారు.

గ్లెన్‌కి చెప్పాను. అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. టైమర్ పట్టుకున్నది తనే కదా.

"బటన్ నొక్కకముందు అడిగి ఉంటే మళ్ళీ కాల్చమనేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు కూడా మార్చొచ్చు. నువ్వూ వేనూ ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. రూలు నువ్వే చెప్పావు."

"ఎంతకి మార్చమంటావు?"

"పద్నాలుగున్నర."

ఆ రాతి మనిషి, "వేన్ ఒప్పుకుంటే నేను ఒప్పుకుంటాను. వెళ్ళి అడుగు" అన్నాడు. గ్లెన్ కరిగిపోయిన రోజు అదొక్కటే. అది చూసి సంతోషించాల్సింది పోయి నాకు భయమేసింది.

వేన్ ట్రక్కు వెనక తలుపు దించుకుని కూర్చుని, తుపాకీ తుడుస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. నేను అతన్ని చూడలేదని, చూశానని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. అతను తుడవడం ఆపాడు.

"ఎంత వేస్తారు?"

"పద్నాలుగున్నర. అది కూడా ఎక్కువే వేస్తున్నాను. అసలు పంతొమ్మిది వేసినా నువ్వే మొదట."

"అంటే ఎంత వేస్తే నేను గెలుస్తానో లెక్క చూసుకునే వచ్చారన్నమాట."

నిజమే. చూసుకునే వచ్చాను.

"మిస్ సూ, నేను ఎంతలో కాల్చానో మీకు తెలీదు. గ్లెన్‌కి తెలీదు. నాకూ తెలీదు. ఉన్న అంకె ఒక్కటే, అది తప్పు. దాని బదులు ఇంకో తప్పు అంకె వేసుకుని నేషనల్స్‌కి వెళ్ళమంటారా?"

"అందులో నీ తప్పేమీ లేదు వేన్."

"ఎందుకు లేదు? చూడకుండా నొక్కింది నేనే." గుడ్డ మడతపెట్టాడు. "కోపం లేదని మాత్రం చెప్పను. చాలా కోపంగా ఉంది. ఎనిమిదేళ్ళు. కాసేపు నన్ను ఇక్కడ ఒంటరిగా వదిలేయండి."

వదిలేశాను. నాలాంటి చేతకాని మనిషి అంతకంటే చేయగలిగే సాయం లేదు.

బహుమతుల వేళ గ్లెన్ చేతిలోంచి మైకు తీసుకుని, ఆరో స్టేజిలో వేన్ టైమ్ తప్పని, షూటర్‌ని చూడకుండా రాసింది నేనని, అంకె మారదని అందరికీ చెప్పాను. ఇలాంటి ప్రకటనకు రూలు లేదని గ్లెన్ అనలేదు. టైలర్ మొహం ఎర్రబడింది. వెళ్ళి ఆ చోటు తీసుకున్నాడు. తీసుకోవాలి కూడా, ఆ పిల్లాడు చేసిన తప్పేమీ లేదు. తను వద్దని త్యాగం చేసి ఉంటే మీకు కథ ఇంకా బాగుండేది, కానీ ఇవి అనుభవాలు.

మర్నాటి నుంచి మా క్లబ్బులో కొత్త పద్ధతి పెట్టాం. రాసేవాళ్ళు చదివి వినిపించడం రద్దు. షూటరే పలక చేతిలోకి తీసుకుని ప్రతి అంకెనూ పైకి చదవాలి, ఆ తర్వాతే బటన్. దీనివల్ల ఒక్కొక్కరికి అర నిమిషం ఎక్కువ పడుతుందని అందరూ విసుక్కున్నారు. ఆ విసుగు భరించడమే మీ ఉద్యోగం. మిగిలినదంతా పలకే చేసుకుంటుంది. ఇక మా ఆయన మీద పెట్టిన రూలు కూడా ఆ రాత్రికే ఎత్తేశాను. అప్పటి నుంచి నోరు మూయడం లేదు, అది వేరే సంగతి.

మరుసటి వసంతం

చలికాలమంతా వేన్ కనిపించలేదు. ఇక రాడనే అనుకున్నాం. ఏప్రిల్ మ్యాచ్‌కి వచ్చాడు. ఎర్ర చుక్క అద్దం ఉన్న తుపాకీ ఒరలో పెట్టుకుని, రేసు తుపాకీల విభాగంలో పేరు రాయించుకున్నాడు. రేసు కార్ల మధ్య స్కూలు బస్సులా ఉన్నాడు. చుక్క ఎక్కడుందో వెతుక్కుంటూ తడబడుతూ కాల్చాడు. ఈసారి పలక పక్కన బోర్లా పెట్టి, మొదటి నుంచి చివరి దాకా అతన్నే చూశాను.

ఆ తర్వాత టార్గెట్లు చూస్తూ అంకెలు కొట్టి, పలక అతని చేతికిచ్చాను. మెడలో తాడుకు కట్టుకున్న కళ్ళద్దాలు పెట్టుకుని, బడిపిల్లాడిలా ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. గుంపంతా ఎండలో నిలబడి ఉంది. ఎవరూ విసుక్కోలేదు. నాలుగో టార్గెట్ దగ్గర ఆగాడు.

"రెండు ఏ అని ఉంది. కాదు మిస్ సూ, అందులో ఒకటి సి. పేల్చేటప్పుడే చుక్క పక్కకి జారింది."

ఇద్దరం టార్గెట్ దాకా నడిచాం. తర్వాతివాళ్ళ కోసం కన్నాలకు ఇంకా టేప్ అంటించలేదు. వంగి చూశాను. సి. కంగారులో నేను అతనికి రెండు పాయింట్లు ఎక్కువ వేశాను. తప్పు అతనికి లాభంగా ఉంది, అతను తప్ప అక్కడెవరూ గమనించలేదు. దిద్దాను. వేన్ గ్లెన్‌ని టైమర్ చూపించమని అడిగి, టైమూ, చప్పుళ్ళ లెక్కా రెండూ సరిచూసుకున్నాడు. అప్పుడు బటన్ నొక్కాడు.

ఆ రోజు జాబితాలో అతను కింది నుంచి రెండోవాడు. కింద ఉన్నది ఎవరో మీరు ఊహించగలరు. గోడ దగ్గర నిలబడి తన పేరు మీద వేలు పెట్టుకుని వేన్ నా వైపు తిరిగాడు.

"ఇది మాత్రం నా స్కోరే" అన్నాడు.